ఆకు నాది, నీళ్ళు మా యారాలివి

మొన్నొకనాడు మా మనుమరాలు కాలేజీ నుంచి వస్తూ వస్తూ దారి పొడుగునా పీకిన గడ్డీగాదమంతా సంచిలో వేసుకొచ్చింది. నేను మధ్యాహ్నం నడుం వాల్చే మంచం మీద పాత పేపర్లు పరిచి, ఒక్కొక్క మొక్కనూ పెళ్ళికూతురిని కూర్చోబెట్టినంత ముద్దుగా సర్ది, వాటి పేర్లూ ఊర్లూ రాసుకుంటూ కూర్చుంది. ఏదో పరీక్షకు కావాలట. మా కాలంలో గడ్డి పీకితే కూలి ఇచ్చేవారు, ఇప్పుడు మార్కులు ఇస్తున్నారు కాబోలు, పోనీలే అనుకొని నేనూ పక్కన చేరి చూస్తున్నాను. ఆ మొక్కల నడుమ సన్నగా పొడుగ్గా ఒక కాడ, కాడ కొసన పసుపు బొట్టంత పువ్వు, దాని చుట్టూ వెలిసిపోయిన నాలుగైదు రేకులు, కింద నూగు పట్టిన ఆకులు. మన ఈడు వాళ్ళకు ఇంత వర్ణించాల్సిన పనే లేదు. నల్లాలం. పుస్తకాల్లో గడ్డిచామంతి అని రాస్తారు, మన నోట్లో మాత్రం అది నల్లాలమే.

"అమ్మమ్మా, గిది మన దిక్కుది కాదట తెలుసా. ఉత్తర అమెరికాల మెక్సికో అని ఒక దేశముంటది, గా దిక్కుదట. అక్కడ గూడ దెబ్బ తాకితె గిదే పూస్తరట," అంది పిల్ల.

అయితే అక్కడ కూడా యారాండ్లు, అదే తోడికోడళ్ళు, ఉంటారన్నమాట అని నేను అంటే అది అర్థం కాక నా మొహం చూసింది. నిజం చెబుతున్నాను, ఆ క్షణాన నాకు ఆ మొక్క మీద కుళ్ళు పుట్టింది. సముద్రాలు దాటి, టికెట్టు లేకుండా, ఎవరూ పిలవకుండా వచ్చి, మన గోడల పక్కనా రైలు కట్టల మీదా కాపురం పెట్టి, మా ముత్తవ్వల కంటే ముందు నుంచీ ఇక్కడే పుట్టి పెరిగినంత ధీమాగా తలెత్తి నిలబడితే, నువ్వెవరి పిల్లవే, ఏ ఊరే, మీవాళ్ళు ఏం పెట్టి పంపారే అని దాన్ని ఒక్కరంటే ఒక్కరు అడగలేదు. నేను మాత్రం సిరిసిల్ల నుంచి బెల్లంపల్లికి, నడుమ ఒక్క గోదావరి అడ్డం ఉన్న ఊరికి కాపురానికి పోయి, నా మనిషి చెయ్యి నా చేతిలో పెట్టించుకోవటానికి పడ్డ తిప్పలు అన్నీ ఇన్నీ కావు. ఆ తిప్పలన్నిటికీ కారణం ఈ ఆకే కాబట్టి, ఎవరికీ చెప్పనిది మీకు చెబుతాను.

నల్లాలంతో నా పరిచయం బడిలో మొదలయింది. బడి నాకు మూడో తరగతి వరకే రాసిపెట్టి ఉంది. శనివారం వచ్చిందంటే నల్లబల్లకు నలుపు పట్టించే పని పిల్లలది. పొయ్యిలోని కట్టెబొగ్గు తెచ్చి నూరి, నల్లాలం ఆకు దంచి కలిపి, ఆ ముద్దతో బల్లను రుద్ది రుద్ది ఆరబెడితే, సోమవారం పొద్దున పంతులు సుద్ద పెట్టి గీస్తే అక్షరం చుక్కలా మెరిసేది. చదువులో నేనెంతటి దాన్నో పంతులుకు బాగా తెలుసు గానీ రుద్దటంలో నన్ను మించిన వారు ఆ బడిలో లేరు. బల్ల మీది అక్షరాలు నాకు వంటబట్టలేదు, అక్షరాల వెనక ఉన్న నలుపంతా నాదే. తరవాత ఇంట్లో మా బాపు మగ్గానికి నూలు కండెలు చుట్టే చెయ్యి ఒకటి తక్కువ పడి నన్ను బడి మాన్పించినప్పుడు నేనైతే ఏడవలేదు, బల్ల తెల్లబడిపోతుందని పంతులే దిగులు పడ్డాడేమో. చదవటం రాయటం నాకు వచ్చినంత మటుకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు, బియ్యం పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుంటూ వచ్చినవే.

కండెలు చుట్టేటప్పుడు నూలుపోగు వేళ్ళ సందున సర్రున కోసేది. మా అవ్వ, అంటే మా అమ్మ, పొయ్యి దగ్గర నుంచి లేవకుండానే వాకిలి వైపు చెయ్యి చూపితే నేనే పోయి నల్లాలం ఆకు తుంచుకొచ్చేదాన్ని. అవ్వ దాన్ని అరచేతిలో నలిపి గాటు మీద రెండు చుక్కలు పిండితే, మంటకు కళ్ళలో నీళ్ళు తిరిగేలోగా నెత్తురు ఆగిపోయేది. మగ్గాల ఇంట్లో దెబ్బ అంటే తెల్లటి దెబ్బ. నూలు తెల్లన, గంజి తెల్లన, చేతులు తెల్లన. అందులో కడగవలసిందంటూ ఏదీ ఉండదు. దెబ్బ తగిలితే ఆకు పిండాలి, అంతే. నాకు తెలిసిన వైద్యం అంత వరకే, అదే ప్రపంచంలోని వైద్యమంతా అనుకొని నేను అత్తవారింటికి బయలుదేరాను.

హైదరాబాద్ రాజ్యం పోయి ఆంధ్రప్రదేశ్ అన్న పేరు కొత్తగా వినబడుతున్న రోజులవి. మగ్గం మీద బతుకు సాగక మా బావ, అంటే మా ఇంటాయనకు అన్న, ముందుగా బెల్లంపల్లి పోయి బొగ్గుబాయిలో కుదిరాడు, తరవాత తమ్ముడినీ లాక్కున్నాడు. అత్త లేని ఇల్లు, పిల్ల సుఖపడుతుంది అని మా అవ్వ సంబరపడి పంపించింది. అత్త లేని మాట నిజమే. అత్తనూ ఆడబిడ్డలనూ కలిపి నూరి ఒక్క మనిషిగా చేస్తే ఎంతవుతుందో అంతటి యారాలు ఉంది. మా బావ భార్య. ఆమె ఆ ఇంట కోడలిగా అడుగుపెట్టేనాటికి మా ఇంటాయన గోచీ పెట్టుకొని తిరిగే పోరడు, తల్లి అప్పటికే పోయింది. ఆయనకు బువ్వ కలిపిందీ, పేలు దువ్విందీ, పెళ్ళి చూపులకు వచ్చి నన్ను ఎగాదిగా చూసి ఊ అన్నదీ ఆమే. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపుమంట ఆగుతుందా?

కంపెనీ వాళ్ళు కూలీలకు కట్టించిన వరుస ఇళ్ళను దౌడలు అనేవారు. ఒకే కప్పు కింద గోడకు గోడ ఆనుకొని పది కాపురాలు. మా గడప, దాని పక్కన యారాలి గడప. బాయి నుంచి వచ్చే దారిలో మొదట తగిలేది నాది, తరవాతది ఆమెది. పొద్దటి షిఫ్టు వదిలిన వేళకు ఆడవాళ్ళమంతా గడపల్లో నిలబడేవాళ్ళం. దూరాన బారుగా మనుషులు కనబడేవారు, నెత్తి నుంచి పాదం దాకా నలుపు, పండ్లూ కండ్లూ తప్ప ఏమీ తెల్లగా ఉండదు. నడకను బట్టి ఎవరి మనిషిని వాళ్ళు పోల్చుకోవాలి. కాపురానికి వచ్చిన కొత్తలో నేను నడక చదవటం కూడా రాని దాన్ని, ఎదురుపోయి ఎవరో బిలాస్‌పూర్ ఆయనకు చెంబు అందించాను. ఆయన నీళ్ళన్నీ తాగి, చెంబు తిరిగి ఇచ్చి, దండం పెట్టి పోయాడు. వెనకాల వస్తున్న మా ఇంటాయన చూసి నవ్విన నవ్వునే దౌడ అంతా ఏడాది పాటు నవ్వింది.

బాయిలో గీతా గాటూ లేని రోజు ఉండదు. పెద్ద దెబ్బ అయితే కంపెనీ దవాఖాన, చిన్నదైతే ఇల్లు. మా ఇంటాయన లెక్కలో ఇల్లంటే వదినె గడప. నెత్తురు కారే వేలిని హారతి పళ్ళెం పట్టినంత జాగ్రత్తగా పైకెత్తి పట్టుకొని, నా గడప ముందు నుంచే, నేను నిలబడి ఉండగానే, నా వైపు ఒక నవ్వు పడేసి ఆమె గడపకు పోయేవాడు. "ఏమైందిరా పోరడా," అంటూ ఆమె లేచి ఆయనను ఇంటి వెనక్కి, స్నానాల బండ దగ్గరికి తీసుకుపోయేది. అక్కడేం జరిగేదో నా గడప నుంచి కనబడదు. పోయి చూడొచ్చు గదా అంటారేమో, ఆమె ఇంటి వెనక్కి పోయి తొంగి చూసేంత చవకదాన్నా నేను? వినబడేది మాత్రం వినబడేది. మా ఇంటాయన అమ్మో, అయ్యో, వదినె మెల్లగ, వదినె చాలు అని కేకలు పెట్టేవాడు. నా దగ్గర ముల్లు గుచ్చుకున్నా పెదవి కదపని మనిషి అక్కడ పసిపిల్లాడిలా గారాలు పోతున్నాడని నాకు ఒళ్ళు మండేది. తరవాత ఇద్దరూ ముందుకు వచ్చి గడపలో కూర్చునేవారు. దౌడ అంతా చూస్తుండగా ఆమె నల్లాలం ఆకు అరచేతిలో నలిపి, బొటనవేలితో అదిమి, చుక్క చుక్కగా పిండేది. అందరూ ముందు ఆమె చెయ్యి చూసేవారు, తరవాత తల తిప్పి నా మొహం చూసేవారు.

ఎదురు దౌడలో చాందా దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ ఉండేది. నోట్లో పండ్లు లేవు గానీ మాటలకు కోరలుండేవి. నన్ను పిలిచి అందరూ వినేటట్టు అంది: "ఏమే పిల్లా, నీ మొగడు పెట్టె నీ ఇంట్ల పెట్టిండు గని తాళంచెయ్యి వదినె కొంగుకు కట్టిండు గదనే!"

నేను ఊరుకుంటానా, మా పెట్టెలో పోయేటందుకు ఏమీ లేదవ్వా, నీ నోటికే తాళం దొరకటం లేదు అన్నాను. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. లోపలికి పోయి గంజి గిన్నె దబాలున కింద పెట్టాను, గిన్నెకు పడ్డ సొట్ట చాలా ఏళ్ళు అలాగే ఉండిపోయింది.

ఆ సాయంత్రం నా చేతికేం తెగులు వచ్చిందని మా ఇంటాయనను నిలదీశాను. "నీకెందుకే పరేషాన్, వదినెకు అలవాటే గదా," అన్నాడు అన్నం కలుపుకుంటూ. ఆయన ఏ దురుద్దేశమూ లేకుండా చెప్పిన మాట అది. దురుద్దేశం ఉంటే తిట్టవచ్చు. లేని మనిషిని ఏమని తిట్టాలి?

అందుకని నేను మనిషిని వదిలి ఆకును పట్టుకున్నాను. దౌడ చుట్టుపక్కల, కుళాయి దగ్గర, కాలువ గట్టున, యారాలి గోడ వారన మొలిచిన నల్లాలమంతా వేళ్ళతో సహా పీకి, పగిలిన కుండల్లోనూ పాత డబ్బాల్లోనూ నా గడప పక్కన నాటి నీళ్ళు పోశాను. ఆకు నా దగ్గర తప్ప దొరకకుండా చేస్తే చెయ్యి నా దగ్గరికే రావాలి గదా! అందరూ తులసి పెట్టుకుంటారు, బంతి పెట్టుకుంటారు, గడ్డికి నీళ్ళు పోసే కోడలిని ఇప్పుడే చూస్తున్నాం అని ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. షిఫ్టు నుంచి వచ్చే మగవాళ్ళు మా ఇంటికి నల్లాలం దుకాణం అని పేరు పెట్టారు. యారాలు మాత్రం కొంగు బిగించి రైలు కట్ట దాకా నడిచి, అక్కడి నుంచి ఒళ్ళో వేసుకొచ్చుకునేది. నన్ను తిట్టినా బాగుండేది, తిట్టకుండా అంత దూరం నడిచి నన్ను ఇంకా కాల్చేది.

ఆ ఏటి ఎండాకాలానికి ముందు మా బావకు కొండగట్టు అంజన్న మొక్కు తీర్చుకునే వీలు దొరికింది. రైల్లో పెద్దపల్లి దాకా పోయి అక్కడి నుంచి బస్సు పట్టుకోవాలి, బంధువుల ఊర్లు కూడా చూసుకొని వస్తామన్నారు. బయలుదేరే ముందు యారాలు ఇంటికి తాళం పెట్టి, మూట నెత్తిన పెట్టుకొని నా గడప దగ్గర ఆగింది.

"చెల్లే, వానికి ఏమన్న తాకితె జర…" అని మొదలుపెట్టింది.

"నాకెరికే అక్కా. మా అవ్వగారింట్ల గూడ నల్లాలమే," అని నేను మధ్యలోనే అందుకున్నాను.

ఆమె నా కుండల వైపు చూసింది, నా వైపు చూసింది. చెప్పబోయిన మాట మింగి, చిన్నగా నవ్వి, రైలుకు పోయింది. ఆ తాళం వేసిన తలుపును నేను ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో! పండుగకు కట్టిన తోరణం కూడా నాకు అంత అందంగా కనబడలేదు.

నా అదృష్టమో ఆయన దురదృష్టమో, ఆ రోజుల్లోనే పైనుంచి బొగ్గు పెళ్ళ ఊడి ఆయన ముంజేతి మీద పడింది. ఎముకకు ఏమీ కాలేదు గానీ గాటు మాత్రం జానెడు. షిఫ్టు వదిలాక చెయ్యి ఎత్తి పట్టుకొని వచ్చాడు. వచ్చి, ఎప్పటిలాగే నా గడప దాటి పోయాడు! తాళం చూసి నిలబడ్డాడు. తల్లి లేని కొట్టం ముందు లేగదూడ నిలబడినట్టు నిలబడ్డాడు. నేను గడపలో నిలబడి చూస్తున్నాను, దౌడ అంతా గడపల్లో నిలబడి మమ్మల్ని చూస్తోంది. వెనక్కి తిరిగి నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు నా గుండె కొట్టుకున్నంత పెళ్ళిలో జీలకర్ర బెల్లం పెట్టినప్పుడు కూడా కొట్టుకోలేదు. కుండలో ఆకు కుండలోనే ఉంది, చేత్తో దూసి, నలిపి, అందరికీ కనబడేటట్టు మోచెయ్యి పైకెత్తి, గాటు పొడుగునా పిండాను. మా అవ్వ పిండినదానికి నాలుగింతలు పిండాను.

"వదినె ముందుగాల నీళ్ళు…" అని ఆయన ఏదో అనబోయాడు.

"వదినె కొండగట్టుల ఉన్నది. ఈడ నేనున్న," అన్నాను.

నెత్తురు టక్కున ఆగింది. సిరిసిల్ల నుంచి తెచ్చుకున్న కొత్త తువ్వాల చింపి కట్టు కట్టాను. ఎదురు దౌడ ముసలమ్మ కూడా ఆకుకు పసరు బాగుందే అని ఒప్పుకుంది. ఆయన ఒక్క కేక కూడా వెయ్యలేదు. ఆమె దగ్గర అంత అరిచేవాడు, నా దగ్గర ఉలకలేదు పలకలేదు, మరి చెయ్యంటే ఎవరిది మంచి చెయ్యి అని నేను కుళాయి దగ్గర నాలుగు రోజులు చెప్పిందే చెప్పాను.

యారాలు కొండగట్టు ప్రసాదం పట్టుకొని వచ్చీ రాగానే కట్టు చూసింది. కూర్చోబెట్టి మెల్లగా విప్పింది. గాటు చక్కగా మూసుకుపోయింది, చీము లేదు, వాపు లేదు. కానీ చర్మం కింద, మోచెయ్యి దగ్గర నుంచి మణికట్టు వైపు, నీలం సిరాతో గీసినట్టు ఒక గీత. పచ్చబొట్టు పొడిచిన వాళ్ళు కూడా అంత తిన్నగా గీయలేరు.

"కడిగినవా చెల్లే?" అంది.

"దేన్ని?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసి, నవ్వాలో ఏడవాలో తెలియక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పుడు చెప్పింది. బొగ్గుబాయి దెబ్బ లోపల బొగ్గు పొడి ఉంటుంది. కుంకుడు నురగ పోసి, పాత మెత్తటి గుడ్డతో, మనిషి ఎంత అరిచినా వదలకుండా, నల్లటి నీళ్ళు పోయి తేట నీళ్ళు వచ్చేదాకా కడిగి, ఆ తరవాతే ఆకు పిండాలి. లేకపోతే ఆకు తన పని తాను చేస్తుంది, గాయాన్ని మూస్తుంది, బొగ్గును లోపలే పెట్టి మూస్తుంది. ఇంటి వెనక బండ దగ్గర నేను గారాలు అనుకున్న కేకలన్నీ కుంకుడు నీళ్ళ కేకలు. మగ్గాల ఇంటి పిల్లను, తెల్లటి దెబ్బలు తప్ప ఎరుగని దాన్ని, నాకెవరు చెప్పాలి? చెప్పటానికి వచ్చిన మనిషిని చెప్పనిచ్చానా?

"బొగ్గు లోపల్నే పండుకున్నది. ఇగ లేవది," అంది యారాలు.

"పోనియ్ వదినె, నొప్పైతె లేదు," అన్నాడు మా ఇంటాయన. నా తరఫున ఆయన వదినెతో అన్న మొదటి మాట అది. చిన్న మాటే. ఎండాకాలమంతా దాన్నే చప్పరించుకుంటూ గడిపాను.

దౌడ ఊరుకుంటుందా? బల్లకు నలుపు పట్టించినట్టు మొగుడికి పట్టించిందే అన్నారు, తన సొత్తు అని గుర్తు వేసుకున్నదే అన్నారు, దొంగలు పట్టుకపోయినా పోల్చుకోవచ్చు అన్నారు. వాళ్ళకంటే ముందే నేను నవ్వేదాన్ని, వేరే దారి ఏముంది? లోపల మాత్రం ఒకటే గుబులు. ఇక ఆయన మళ్ళీ నా దగ్గరికి వస్తాడా? ఒక్కసారి చాపిన చెయ్యి మళ్ళీ చాపుతాడా? విచిత్రం ఏమిటంటే ఆ తరవాత చాలా రోజులు ఆయనకు ఒక్క గీత కూడా పడలేదు. మొగుడికి దెబ్బ తగలకూడదని మొక్కే ఆడవాళ్ళను చూశాను గానీ, స్వామీ ఒక చిన్న గీత పెట్టించు, పెద్దది వద్దు, చిన్నది చాలు అని మొక్కుకున్న దాన్ని బెల్లంపల్లిలో నేనొక్కదాన్నే అయి ఉంటాను.

దేవుడు విన్నాడు. ఒకనాడు షిఫ్టు వదిలాక బొటనవేలు పట్టుకొని వస్తూ కనబడ్డాడు. "ఇగ సూడుండ్రే," అని ఎదురు దౌడ ముసలమ్మ బోసినోటితో అందరినీ పిలిచింది. గడపలన్నీ నిండాయి. ఆయన నా గడప ముందుకు వచ్చాడు. ఈసారి నవ్వు కూడా పడెయ్యలేదు, తల వంచుకొని దాటి పోయాడు. యారాలు లేచింది, ఇద్దరూ బండ దగ్గరికి పోయారు. నేను లోపలికి పోయి నీళ్ళ కుండల పక్కన కూలబడ్డాను. కేకలు వినబడ్డాయి. అవి కుంకుడు కేకలని తెలిసినా మంట తగ్గలేదు. కేకలు ఆగిపోయాయి. ఇక గడపలో కూర్చొని ఆకు పిండించుకుంటాడు, అంతా చూస్తారు అనుకొని కళ్ళు మూసుకున్నాను.

తలుపు దగ్గర నీడ పడింది. ఆయన. మోచెయ్యి నుంచి తేట నీళ్ళు కారుతున్నాయి, కడిగిన వేలు మీద నెత్తురు కొత్తగా, ఎర్రగా ఊరుతోంది.

"వదినె దగ్గర ఆకు లేదట. నీ దగ్గరనే ఉన్నదట," అన్నాడు.

నేను లేచి తలుపులోంచి పక్కకు చూశాను. యారాలు తన గడపలో కూర్చొని ఉంది. పొద్దున్నే రైలు కట్ట నుంచి తెచ్చుకున్న నల్లాలం కట్ట, పచ్చగా, ఇంత లావుది, ఆమె ఒళ్ళో ఉంది. దాన్ని తాపీగా, కొమ్మ కొమ్మ తుంచి, వీధిన పోతున్న మేకకు తినిపిస్తోంది. నా వైపు చూడనన్నా చూడలేదు.

మీరైతే కళ్ళనీళ్ళు పెట్టుకుని పోయి ఆమె కాళ్ళ మీద పడేవారేమో. నాకైతే కడుపు భగ్గుమంది. గెలిచింది నేను, గెలిపించింది ఆమె, ఇంతకంటే ఓటమి ఉంటుందా? అయినా చెయ్యి వచ్చింది కాబట్టి పట్టుకున్నాను, ఆకు పిండాను, బయటికి వచ్చి అందరికీ కనబడేటట్టే పిండాను. ముసలమ్మ అంది: "కడిగేది ఒకతి, కట్టేది ఒకతి. మొగోడు బాగనే దొరికిండు, ఇద్దరికీ వాటాలు పంచుండ్రి!" యారాలు పకపకా నవ్వింది. నాకూ నవ్వు వచ్చింది, ఆపుకుందామంటే ఆగలేదు.

అప్పటి నుంచి అదే పద్ధతి పడిపోయింది. నీళ్ళు ఆమెవి, ఆకు నాది. ఏళ్ళ తరబడి దౌడలో ఎవరికి గాటు పడ్డా ముందు ఆ గడప, తరవాత ఈ గడప. కుళ్ళు పోయిందా అంటే పోలేదు. కడగటానికి ఎంతసేపు పడుతుంది, పిండటానికి ఎంతసేపు పడుతుంది? ఆయన చెయ్యి ఆమె చేతిలో ఉండే వేళలో నా వాటా పావు వంతు కూడా రాదని మనసులో కొలతలు వేసుకుంటూనే ఉండేదాన్ని. కడిగే పని నేర్పమని అడగటానికి నోరు రాలేదు, నేర్చుకుంటావా అని ఆమె అడగలేదు. ఆమె వాటా ఆమె గట్టిగానే పట్టుకుంది.

కొన్నేళ్ళకు మా ఇంటాయనను వేరే బాయికి మార్చారు, ఇల్లు కూడా అక్కడే ఇచ్చారు. సామాను బండికి ఎక్కిస్తున్న నాడు, ఆయన పెట్టె ఎత్తటానికి చొక్కా చేతులు మడుచుకుంటే ఆ నీలం గీత ఎండలో నిగనిగలాడింది. యారాలు నా పక్కన నిలబడి దాన్నే చూస్తోంది.

"ఇన్నేండ్లు గా చెయ్యి ఎన్నిసార్లు కడిగిన చెల్లే," అంది. "ఒక్కదాని జాడ లేదు వాని పెయ్యి మీద. నీది ఒక్కటే ఉన్నది."

ఆ గొంతు నాకు బాగా తెలిసిన గొంతు. ఎందుకు తెలియదు, నా గొంతే అది! నా కడుపులో ఇన్నేళ్ళు కాగినదే ఆమె కడుపులోనూ కాగిందన్నమాట. శుభ్రంగా కడిగిన చెయ్యికి గుర్తు లేదు, చెడగొట్టిన చెయ్యికి గుర్తు ఉంది. మా యారాలికి నా మీద కుళ్ళు ఉందని తెలిసిన ఆ ఘడియలో నాకు కలిగిన సంతోషం ఏమని చెప్పను! బండి కదిలి మలుపు తిరిగేదాకా నవ్వు మొహంతోనే ఉన్నాను. మలుపు తిరిగాక ఎందుకో తెలియదు, ఏడుపు వచ్చింది. దుమ్ము పడిందని చెప్పాను, మా ఇంటాయన నమ్మాడు. ఏది చెప్పినా నమ్మే మనిషి ఆయన.

కొత్త ఇంట్లో ఆయన కాలికి దెబ్బ తగిలినప్పుడు నేరుగా నా దగ్గరికే వచ్చాడు. కుంకుడు నురగ నేనే పోశాను, ఆకు నేనే పిండాను, మొత్తం వాటా నాదే. గడపలో నిలబడి చూసేవాళ్ళు ఎవరూ లేరు. ఉప్పు మరిచిన పప్పు తిన్నట్టుంది నాకు.

ఇప్పుడు ఆ దౌడలు లేవు, చాలా బాయిలు మూతబడ్డాయి. దెబ్బ తగిలితే మా ఇంట్లో ఎవరి గదిలోకి వాళ్ళు పోయి, అద్దం ముందు నిలబడి, పట్టీ ఒలిచి అంటించుకుంటారు. ఎవరికి ఎప్పుడు ఏ గాటు పడిందో భోజనాల దగ్గర చూసి తెలుసుకోవాలి. శుభ్రమైన పద్ధతే, కాదనను. చెయ్యి చాపాల్సిన అవసరం ఎవరికీ లేదు, ఎవరి గడపకు పోయాడని కుళ్ళుకోవాల్సిన అవసరమూ ఎవరికీ లేదు. ఎదుటి మనిషి మీద ఈర్ష్య పడాలన్నా ఒకరి గడప ఒకరికి కనబడాలి గదా.

మా ఇంటాయన పోయాడు. చివరిసారి స్నానం చేయించినప్పుడు నీళ్ళు యారాలే పోసింది, నేను ఆ చెయ్యి పట్టుకొని కూర్చున్నాను. ఆ తరవాత ఎక్కువ కాలం నిలవకుండా ఆమె కూడా పోయింది. పుణ్యాత్మురాలు, మంచం పట్టకుండా పోయింది అని అందరూ చేతులు జోడించారు. నేనూ జోడించాను గానీ లోపల ఒళ్ళు మండిపోయింది. చూడండి, అక్కడికి కూడా నాకంటే ముందు ఆమే చేరుకుంది! ఇప్పుడు అక్కడ ఆయనకు ఏ ముల్లు గుచ్చుకున్నా చెయ్యి ఎత్తి పట్టుకొని ఆమె గడపకే పోతుంటాడు, అడ్డం నిలబడటానికి నేను లేను. కడగటం అయిపోయాక, తేట నీళ్ళు కారుతున్న చెయ్యితో నిలబడి, ఇటు వైపు ఒకసారి చూస్తాడా? ఆకు చెల్లె దగ్గర ఉన్నదిరా, వచ్చేదాకా ఆగు అని ఆమె చెబుతుందా, లేక అక్కడ ఆమెను చూసేవాళ్ళు లేరని తనే పిండేస్తుందా?